సీలు కారితే సీలు మారిస్తే చాలా?

మెషిన్ డిజైన్ పరీక్షలో బేరింగుల ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ధైర్యంతోనే వేసవి సెలవుల్లో మా ఇంటి ట్రాక్టరు మీద చెయ్యి వేశాను. ఏం జరిగిందో చెప్తాను. మెకానికల్ మిత్రులకే కాక, ఇంట్లో ట్రాక్టరున్న ప్రతివారికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మన అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికే చాలావరకు ఖాళీ అవుతాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తాయి. పైగా లోతులేని ఎర్రనేల, పదును ఎక్కువ రోజులు నిలవదు. ఆ కొద్ది రోజుల్లో శెనక్కాయ విత్తనం పడకపోతే మళ్ళీ ఆకాశం వైపు చూడాల్సిందే. అప్పుడు ట్రాక్టరు మూలపడితే ఆ ఏటి సేద్యమే మూలపడినట్టు.

మా ట్రాక్టరుకు క్లచ్ జారుతోంది. క్లచ్ హౌసింగు అడుగు రంధ్రం నుంచి గేరాయిలు చుక్కలుగా పడుతోంది. ఇన్‌పుట్ షాఫ్టు సీలు కారి, ఆయిలు క్లచ్ ప్లేటుకు అంటుతోందని కనిపెట్టాను. ఇంజన్నీ గేర్‌బాక్సునీ విడదీయించి, కొత్త సీలు, కొత్త ప్లేటు వేయించాను. మూడు వారాలు తిరక్కుండానే మళ్ళీ అదే చుక్క! అంతలోనే వాన పడింది. నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బాడుగ ట్రాక్టరు కోసం ఊళ్ళెంబడి తిరిగాడు.

అప్పుడు ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన పానా ముట్టుకోలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజను నడపమన్నాడు. గుర్రుమని శబ్దం వచ్చింది. క్లచ్ తొక్కమన్నాడు. శబ్దం ఆగిపోయింది.

"ఏమప్పా ఇంజనీరూ, కారిందని చూసినావు గానీ, యాలకారిందో చూడలేదే!" అన్నాడు.

నిజమే. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉన్నప్పుడు ఇన్‌పుట్ షాఫ్టూ, దానితోపాటు లే షాఫ్టూ తిరుగుతుంటాయి. క్లచ్ తొక్కితే రెండూ ఆగుతాయి. దాంతోపాటు శబ్దమూ ఆగితే ఆ షాఫ్టుల బేరింగుల మీద అనుమానపడాలి. తొక్కినప్పుడే శబ్దం వస్తే అది రిలీజ్ బేరింగు. మాకు ఇన్‌పుట్ బేరింగు అరిగి షాఫ్టు ఊగుతోంది. ఊగే షాఫ్టు మీద ఎంత కొత్త సీలు పెదవైనా ఆనుకొని నిలవలేదు కదా!

మేస్త్రీ మరి రెండు కారణాలు కూడా వెదికాడు. మొదటిది షాఫ్టు మీద గాడి. మన ఎర్రదుమ్ము సీలు రబ్బరులో దిగబడి, సాన రాయిలా ఉక్కునే కోస్తుంది. గోరుకు తగిలే గాడి ఉంటే స్లీవు తొడగాలి, లేదా సీలును కాస్త ముందువెనకలుగా కూర్చోబెట్టి పెదవి నున్నటిచోట ఆనేట్టు చూడాలి. రెండోది బ్రీదరు. అది దుమ్ముతో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారిలేక ఆయిలును సీలు గుండా బయటికి తోస్తుంది. మా బ్రీదరూ మూసుకునే ఉంది.

ఆయిలు దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్గును కూడా చూడండి. అయస్కాంతం ఉన్న ప్లగ్గుకు మెత్తటి బూడిదరంగు ముద్ద అంటితే మామూలే. మెరిసే పొరలు, రేకులు కనిపిస్తే బేరింగో, గేరు పళ్ళో పెచ్చులూడుతున్నాయన్నమాట.

కొత్తవి కొనేటప్పుడు నెంబరు చదవడం రావాలి. 6208 అంటే చివరి 08ని అయిదుతో హెచ్చవేస్తే 40 మిల్లీమీటర్లు, అదే లోపలి రంధ్రం. సీలు మీద 40-55-8 అని ఉంటే షాఫ్టు 40, బయటి వ్యాసం 55, మందం 8.

ఇక బిగించడం. బేరింగు షాఫ్టు మీదికి బిగుతుగా ఎక్కాలంటే లోపలి రింగును మాత్రమే తోయాలి. హౌసింగులో బిగుతుగా కూర్చోవాలంటే బయటి రింగునే తోయాలి. తప్పు రింగును కొడితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా పోయి, కొత్త బేరింగు దారిలో గుంటలు పడతాయి. శుభ్రమైన నూనెలో 80, 90 డిగ్రీల దాకా వేడిచేస్తే బేరింగు సుళువుగా ఎక్కుతుంది. అడుగున జల్లెడ వేసి, గిన్నెకు తగలకుండా చూడాలి. మంట మీద నేరుగా పెట్టరాదు సుమా. సీలు స్ప్రింగు వైపు ఆయిలు ఉన్న వైపుకే ఉండాలి. పెదవికి గ్రీజు రాసి, షాఫ్టు పళ్ళు కోయకుండా వాటిపై పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి తొడగాలి. బిగించాక చేత్తో తిప్పి చూసి, లెవెల్ ప్లగ్గు దాకా ఆయిలు పోసి, కాసేపు నడిపి, మళ్ళీ కింద చూడాలి.

ఆ ట్రాక్టరు మళ్ళీ కారలేదు. కానీ ఆ ఏడు మా పొలంలో సగమే విత్తనం పడింది. ఆ సగానికి బాధ్యుణ్ణి నేనే.

మన కాలేజీ 1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో ఈ కరువుసీమకు వచ్చింది. పక్కనే గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మిత్రులారా, చదువు ముగిసేలోగా ఒక్క గేర్‌బాక్సయినా మీ చేతులతో విప్పండి. అయితే అది వాన రాకముందే కావాలి. విప్పే ముందు చెవి పెట్టి వినండి.