పాత స్నేహితుల కోసం ఇన్‌స్టాలో చేరాలా?

"స్కూల్ ఫ్రెండ్సంతా ఇన్‌స్టాలోనే ఉన్నారు, నేనూ చేరాలా?" ఈ సందేహం మీకూ ఉందా? అయితే పాత స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లిన ఇద్దరి కథలు చూద్దాం.

భాగవతం దశమ స్కంధంలో కుచేలుడు ద్వారకకు వెళ్లాడు. ఇంట్లో పేదరికం, చేతిలో కాసిన్ని అటుకులు. కృష్ణుడు ఆయన కాళ్లు కడిగి, సాందీపని గురుకులంలో ఉన్నప్పుడు ఇద్దరూ కట్టెల కోసం వెళ్లి వానలో చిక్కుకున్న రోజును గుర్తుచేశాడు. ఆ మాటల్లో కుచేలుడు ఏమీ అడగనే లేదు.

మహాభారతంలో ద్రోణుడూ ఇలాగే ద్రుపదుడి దగ్గరికి వెళ్లాడు. "నీకూ నాకూ స్నేహమేంటి?" అన్నట్టు మాట్లాడాడు ద్రుపదుడు. తప్పు ద్రుపదుడిదే. కానీ ద్రోణుడు ఆ అవమానాన్ని వదల్లేదు, అది పగగా మారింది.

అవతలివాళ్లు కృష్ణుడవుతారో ద్రుపదుడవుతారో మన చేతుల్లో లేదు. రిప్లై రాకపోయినా మనసు పాడు చేసుకోను అనుకుంటే చేరండి. ఎవరికి ఎంత జీతమో, ఎవరు ఏ దేశంలో ఉన్నారో చూసి పోల్చుకోవడానికైతే వద్దు.

చేరేముందు ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకోండి. వాళ్లకి మెసేజ్ పెట్టి, నంబర్ తీసుకుని, ఫోన్ చేయండి. వీలైతే వెళ్లి కలవండి. కుచేలుడు కూడా నడిచే వెళ్లాడు కదా!