సహీఫా హమ్మామ్ నేర్పే పాఠం

"హదీసులను దైవప్రవక్త (స) తర్వాత రెండు వందల ఏళ్ళకు రాశారట కదా! వాటిని ఎలా నమ్మడం?"

ఇటీవల ఒక కాలేజీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. పక్కనే ఉన్న తండ్రికి కోపం వచ్చింది. కాని సోదరులారా! గద్దిస్తే సందేహం తీరదు, మనసులోనే పాతుకుపోతుంది.

ఈ ప్రశ్నకు పరిశోధనతో సమాధానం చెప్పినవారిలో మన హైదరాబాద్ వాస్తవ్యులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002) ఒకరు. ఉస్మానియాలో చదివి, ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్‌లలో డాక్టరేట్లు పొందారాయన. బెర్లిన్, డమాస్కస్‌లలో ఉన్న రెండు రాతప్రతులను సరిపోల్చి, 1953లో 'సహీఫా హమ్మామ్ బిన్ మునబ్బిహ్'ను ప్రచురించారు.

ఏమిటీ సహీఫా? హజ్రత్ అబూ హురైరా (రజి) తన శిష్యుడు హమ్మామ్‌కు బోధించిన 138 హదీసుల చిన్న సంకలనం. హజ్రత్ అబూ హురైరా (రజి) హిజ్రీ 59 ప్రాంతంలో పరమపదించారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) పుట్టింది హిజ్రీ 194లో. కనుక పెద్ద గ్రంథాలు కూర్చిన కాలాన్నే హదీసులు మొదట రాసిన కాలం అనుకోవడం పొరపాటు.

అయితే ఇక్కడ తొందరపాటు వద్దు. ఆ రెండు ప్రతులూ హమ్మామ్ స్వహస్తంతో రాసినవి కావు, తర్వాతి తరాల నకళ్ళు. హమ్మామ్ నుండి మఅమర్, ఆయన నుండి అబ్దుర్రజ్జాఖ్, ఆయన నుండి అహ్మద్ బిన్ యూసుఫ్ సులమీ ద్వారా వచ్చినవి. మరి వాటి విలువ ఏమిటి? అబ్దుర్రజ్జాఖ్ వద్దే విన్న మరో శిష్యుడు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) తన ముస్నద్‌లో ఈ హదీసులను దాదాపు అన్నిటినీ చేర్చారు. రెండు దారుల్లో వచ్చిన మాటలు స్వల్ప తేడాలతో కలుస్తున్నాయి. కొన్ని హదీసులు మఅమర్ నుండి అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ ద్వారా కూడా ఇమామ్ బుఖారీకి చేరాయి. ఉల్లేఖకులు తమ ఇష్టానుసారం మాటలు కల్పించి ఉంటే ఈ పోలిక ఎలా సాధ్యం?

మఅమర్‌కు ముందున్న ఉల్లేఖకుల సంగతి తేల్చడానికి మన పూర్వీకుల 'అస్మాఉర్రిజాల్' శాస్త్రం ఉంది. ఎవరు ఎవరిని కలిశారు, ఎవరి జ్ఞాపకశక్తి ఎంతటిది అని అది విచారిస్తుంది. రాతప్రతుల పరిశీలన ఒక కన్నయితే, సనద్ పరిశీలన మరో కన్ను.

పాతదంతా పుక్కిటి పురాణమని కొట్టిపారేయడం ఒక తప్పు. పెద్దలు చెప్పారు, ఇక అడగవద్దనడం మరో తప్పు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే విచారించి తెలుసుకోమని దివ్యఖుర్‌ఆన్ (49:6) ఆదేశిస్తోంది. కనుక మీ సెల్‌ఫోన్‌కు హదీసు పేరుతో ఏదైనా సందేశం వస్తే, ఇతరులకు పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఏ గ్రంథంలో ఉంది? దాని ప్రామాణికత గురించి హదీసువేత్తలు ఏమన్నారు? ఇంట్లో పిల్లలు అడిగితే ఓపికగా వినండి. తెలియకపోతే తెలిసిన ఆలిమ్‌ను కలిసి అడగండి.

సత్యాన్ని విచారించి స్వీకరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.