చేలో అగ్గిపుల్ల గీసే ముందు.. చట్టం ఏమంటున్నదో తెలుసుకోండి

పత్తి తీతలు అయిపోగానే, మిరప ఆఖరి కోత కాగానే పల్నాటి చేలల్లో సాయంత్రం పూట పొగలు లేస్తాయి. పత్తి కట్టె, మిరప కట్టె పీకి కుప్ప వేయడం, నిప్పు పెట్టడం ఏళ్ల తరబడి వస్తున్న అలవాటు. సాగర్ కుడి కాలువ కింద కోత మిషన్ వచ్చాక వరిగడ్డికీ ఇదే గతి పట్టింది. "నా చేను, నా చెత్త, నేను కాల్చుకుంటే ఎవరికేం?" అని చాలామంది అనుకుంటారు. ఎప్పుడు కాల్చొచ్చు, ఎక్కడ కాల్చకూడదు అన్నది తెలియక చిన్న రైతు కేసులో ఇరుక్కుంటే లాయరు ఖర్చుకే ఆ ఏడు పంట చాలదు. అందుకే ఈ సంగతులు కాస్త ఓపిగ్గా చదవండి.

అనుమతి రోజులు ఉన్నాయా?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రైతు పంట చెత్త కాల్చాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. గాలి అనుకూలంగా ఉన్న రోజునే కాల్చనిస్తారు. ఇంగ్లండులో 1993 నుంచి పంట మోళ్లు కాల్చడంపై నిషేధం ఉంది. మన దగ్గర ఫలానా నెలలో, ఫలానా గంటల్లో కాల్చుకోండని కాగితం ఇచ్చే పద్ధతి లేదు. కాగితం అక్కర్లేదు కదా అని అడ్డు లేదనుకోవద్దు. 1981 నాటి వాయు కాలుష్య చట్టం కింద ఏ ప్రాంతంలోనైనా పొగకు కారణమయ్యే వస్తువుల్ని కాల్చకుండా రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చు.

ఎకరాల లెక్కన జరిమానాలు వేస్తారని విని కొందరు భయపడుతున్నారు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ జరిమానాలను ఢిల్లీ, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలకు నిర్ణయించింది. ఆ లెక్క మనది కాదు. మనకు వర్తించేవి వేరే ఉన్నాయి.

మనకు వర్తించేవి ఇవి

ఒకటి: నిప్పు విషయంలో అజాగ్రత్త. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ప్రకారం మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా, ఒంటికి హాని కలిగేలా నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పక్కవాడికి నష్టం జరుగుతుందని తెలిసీ నిప్పు పెడితే 326వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఇవిగాక, కాలిపోయిన వామికి, డ్రిప్పు పైపులకు నష్టపరిహారం కోసం పక్క రైతు కోర్టుకు వెళ్లొచ్చు.

రెండు: అడవి అంచు చేలు. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు రైతులు ఇది బాగా గుర్తుంచుకోవాలి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం, ఆర్పకుండా వదిలేయడం నేరం. అభయారణ్యం అయితే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కూడా తోడవుతుంది. అడవిలో లేచిన మంటను ఉపగ్రహం పసిగట్టి అటవీ శాఖ సిబ్బందికి కబురు పంపే ఏర్పాటు ఉంది. చూసేవాడెవడులే అనుకునే కాలం పోయింది.

మూడు: ప్లాస్టిక్. మిరపలో పరిచిన మల్చింగ్ షీటు, పాడైన డ్రిప్పు గొట్టాలు, పురుగుమందు డబ్బాలు కట్టెతో కలిపి కాల్చేస్తున్నారు. బహిరంగంగా చెత్త కాల్చితే 5 వేలు, పెద్ద మొత్తంలో అయితే 25 వేల రూపాయలు కట్టించుకోవాలని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటికీ ఉత్తర్వు ఇచ్చింది. ఆ పొగ పీల్చేది ముందుగా మన ఇంట్లోవాళ్లే.

బూడిదలో పోయేది ఎంత?

టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకున్నా 11 కిలోల నత్రజని, అంటే సుమారు అర బస్తా యూరియా. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా కుప్ప కాలిన చోటే ఉంటుంది, లేదా గాలికి కొట్టుకుపోతుంది. భూమి పైపొరలోని సూక్ష్మజీవులు సైతం చస్తాయి. గొడ్లకు మేత పోవడం సరేసరి.

మరి పురుగు సంగతి?

"గులాబీ పురుగు ఉంది, కట్టె తగలెయ్యమని ఒకప్పుడు మీరే చెప్పారు కదా" అని రైతు అడిగితే అందులో న్యాయం ఉంది. గులాబీ రంగు పురుగు ఎండు కాయల్లో, రాలిన గుల్లల్లో దాక్కుని వచ్చే పంట దాకా బతుకుతుంది. కాబట్టి కట్టెను చేలో ఉంచకూడదన్న మాటలో మార్పు లేదు. మారింది దాన్ని వదిలించుకునే పద్ధతి.

- పత్తిని డిసెంబరు ఆఖరుకు ముగించండి. ఇంకో తీత వస్తుందని నీళ్లు పెట్టి పొడిగించవద్దు.
- చివరి తీత కాగానే గొర్రెలు, మేకలను తోలండి. మిగిలిన కాయలు, ఆకు అవే తింటాయి. మందు కొట్టిన వెంటనే మాత్రం తోలవద్దు.
- కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డర్ యంత్రం దొరికితే నలుగురు కలిసి బాడుగకు తెచ్చుకోండి. ముక్కలు చేసి రోటవేటరుతో కలియదున్నండి.
- పొయ్యిలోకి దాచుకునే కట్టెను గట్టు మీద పెట్టకండి. తొలకరి లోపు వాడేయండి.
- తెగులు సోకిన మిరప మొక్కలను పీకి గుంటలో పూడ్చండి.
- మిగిలిన కట్టె ముక్కలను పొరలుగా వేసి, పేడనీళ్లు చల్లి, టన్నుకు 5 కిలోల యూరియా కలిపి తడి ఆరకుండా చూస్తే ఎరువవుతుంది.
- వరిగడ్డిని బేలరుతో చుట్టలు కట్టించండి. మోళ్లు కుళ్లడానికి పూసా డీకంపోజర్ వాడొచ్చు. నాలుగు గుళికలతో 25 లీటర్ల ద్రావణం తయారవుతుంది. అది రెండున్నర ఎకరాలకు సరిపోతుంది.

ఈ యంత్రాలు, మందుల విషయం మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి.

మంట లేస్తే..

ఎండాకాలంలో పడమటి గాలికి మంట గట్లు దాటడానికి ఎంతోసేపు పట్టదు. వామి చుట్టూ, తోట చుట్టూ నాలుగు సాళ్లు దున్ని గడ్డీగాదం లేకుండా ఉంచండి. కరెంటు తీగల కింద వామి వేయకండి. మంట కనిపిస్తే 101కు ఫోను చేయండి. ఫైరింజను వచ్చేలోపు మంటకు ముందు ట్రాక్టరుతో అడ్డంగా దున్నితే నిప్పు అక్కడ ఆగే అవకాశం ఉంటుంది. గాలికి ఎదురుగా ఎవరూ నిలబడవద్దు.

కట్టె పీకించడానికి కూలి, ముక్కలు చేయడానికి బాడుగ అవుతుంది, నిజమే. అగ్గిపుల్లకు ఖర్చు లేదు. కానీ పక్క చేలో వామి అంటుకున్న రోజున ఆ అగ్గిపుల్ల ఖరీదు ఎంతో తెలుస్తుంది. ఈసారి కుప్ప వేసే ముందు పక్క చేను రైతుతో ఒక్క మాట మాట్లాడండి. ఇద్దరూ కలిస్తే యంత్రం బాడుగ సగమవుతుంది.