పొణికి కర్రకూ పాలిగాన్‌కూ చుట్టరికం

విజయవాడ

చిరంజీవి అమ్మడిని ఆశీర్వదించి పెదనాన్న రాయునది.

వీడియో గేములకు బొమ్మలేసే పనిలోకి వెళ్తానంటున్నావనీ, అందుకు లక్షన్నర కంప్యూటర్ కావాలని అలిగి కూర్చున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ‘ఆటలు కూడు పెడతాయా?’ అన్నది మీ నాన్న ప్రశ్నట. ఇద్దరిదీ తొందరే. కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు ఎక్కాల్సింది కొండపల్లి బస్సు. ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ కూడా లేదు.

కొండపల్లిలో బొమ్మను ఒకే దుంగలోంచి తొలవరు. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, మొండెం వేరుగా, కాళ్లూ చేతులూ వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత ఆరాక కుంచె పడుతుంది. కనుబొమలు, నగలు, చీర అంచు ఉలి పని కాదు, రంగు పని. ఆకారం ఎక్కడ ఆగాలో, రంగు ఎక్కడ అందుకోవాలో ఆ చేతులకు తెలుసు.

గేము బొమ్మకూ ఇదే లెక్క. తెరమీది ప్రతి వస్తువూ చిన్న చిన్న ముక్కోణాల అల్లిక. దాన్నే పాలిగాన్ మోడల్ అంటారు. సినిమాలో ఒక్క ఫ్రేము తయారవడానికి కంప్యూటర్ గంటలు తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆటలో సెకనుకు 60 సార్లు బొమ్మ గీయాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లే. అందుకే గేము చిత్రకారుడు గోడమీద ప్రతి పగులునూ ముక్కోణాలతో చెక్కడు. పైన కప్పే టెక్స్చర్‌లో గీసి, కంటిని నమ్మిస్తాడు.

ఆ టెక్స్చర్ పాఠం పెడనలో ఉంది. అక్కడి కలంకారీ టేకు అచ్చులను పక్కపక్కనే అద్దుకుంటూ పోతే అతుకు కనపడకూడదు. గేములో నేలకూ గోడకూ వేసే చతురస్రపు బొమ్మ కూడా నాలుగు అంచులా అలాగే కలవాలి.

ఇరుకులోంచే గొప్ప బొమ్మలు పుట్టాయి. 1981లో జపాన్‌లో షిగెరు మియమోటో ‘డాంకీ కాంగ్’ ఆట చేసేటప్పుడు, మనిషి బొమ్మకు దక్కింది గుప్పెడు చుక్కలు. నోరు గీయడానికి చోటు లేక ముక్కు కింద మీసం పెట్టాడు. జుట్టు కుదరక టోపీ పెట్టాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే మారియో అలా తయారయ్యాడు.

ఇక పనిముట్లు. ముక్కోణాల బొమ్మలు కట్టే బ్లెండర్ ఉచితం. 2002లో జనం లక్ష యూరోలు చందాలేసి దాన్ని అందరి సొత్తు చేశారు. అందులో తీసిన లాత్వియా చిత్రం ‘ఫ్లో’కు 2025లో ఆస్కార్ వచ్చింది. గీయడానికి క్రీటా, ఆట నడపడానికి గొడో, ఈ రెండూ ఉచితమే. తొలి ఏడాదికి ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు.

మీ నాన్న ప్రశ్నకూ జవాబుంది, కాకపోతే తీపీ చేదూ కలిసి. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో మన పురాణాల వాసనతో ‘అసుర’ అనే ఆట తెచ్చింది. పుణె నాడింగ్ హెడ్స్ వాళ్లు ‘రాజీ’ ఆటకు 2017లో చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా పట్టు వదలక 2020లో విడుదల చేశారు. రాజస్థాన్ కోటల అందం, తోలుబొమ్మలాట తీరులో నడిచే కథా ఘట్టాలు ఆ ఆటకు పేరు తెచ్చాయి. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన శ్రుతి ఘోష్ చిత్రకారిణి. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లోనే. దారి దూరం కాబట్టి డిగ్రీ మానుకోవద్దు.

ఏదైనా ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టేముందు అక్కడి ఏసీ గదులు కాదు, కిందటేడు పిల్లలు చేసిన పని చూపించమనాలి. చూపించకపోతే లేచి వచ్చేయాలి.

నువ్వు మొదలుపెట్టాల్సింది రాజుల యుద్ధం కాదు, బందరు కాలవ గట్టున ఒక టీ బడ్డీ. ముందు అక్కడ నిలబడి కాగితం మీద గీయి: రేకు ఎక్కడ తుప్పు పట్టింది, గ్లాసుల ట్రే ఎటు ఒరిగింది, పొయ్యి మసి గోడమీద ఎంత ఎత్తుకు పాకింది. తర్వాత బ్లెండర్‌లో కట్టు, రంగులెయ్యి, గొడోలోకి తెచ్చి చుట్టూ నడిచేలా చెయ్యి. నలుగురికీ చూపేటప్పుడు రంగు కింద ముక్కోణాల అల్లిక కూడా చూపించు. పని తెలిసినవాళ్లు మొదట చూసేది దాన్నే. సగంలో ఆపినవి ముప్పై ఉన్నా, పూర్తయిన మూడింటికి సాటిరావు. ఆనక ప్రోగ్రామింగ్ తెలిసిన స్నేహితురాలితో కలిసి గ్లోబల్ గేమ్ జామ్‌లో పేరివ్వు. 2009 నుంచి నడుస్తున్న ఆ సంబరానికి కొద్ది రోజుల్లోనే ఆట చేసేయడం గుర్తు.

దసరాకు వస్తాను. టీ బడ్డీ నడిచేలా ఉంచు. మౌస్ ముందు మీ నాన్న చేతికిద్దాం. కంప్యూటర్ మాట ఆ తర్వాత నేనే ఎత్తుతాను.

ఇట్లు,
పెదనాన్న