ఊరు మారినప్పుడు, పని మారినప్పుడు

"ఇల్లు మారిన కాడ నుంచి మనిషి మనిషిలా లేడు సిస్టరమ్మా" అని రోగితో వచ్చినవారు చెబుతుంటారు. తలనొప్పి, గ్యాస్, గుండె దడ, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, వీటిలో ఏదో ఒకదానితో ఓపీకి వస్తారు. రక్తపరీక్ష, ఈసీజీ చేస్తే చాలాసార్లు పెద్ద తేడా ఏమీ కనిపించదు. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, ఇదంతా నటన" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అలా విసుక్కునే ముందు ఈ నాలుగు పేజీలు చదవమని కోరుతున్నాం. ఉన్న ఊరు విడిచిపెట్టడం, చేస్తున్న పని మానేసి మరో పనిలో కుదరడం, ఈ రెండూ మనిషి ఆరోగ్యం మీద నిజంగానే బరువు పెడతాయి. ఆ బరువును తగ్గించడంలో కుటుంబ సభ్యులు చేయగలిగినది చాలా ఉంది.

శరీరంలో ఏం జరుగుతుంది?

పాత ఇంట్లో చీకట్లో కూడా మంచినీళ్ల బిందె ఎక్కడుందో చేతికి తెలుసు. ఏ కొట్టువాడు అరువు ఇస్తాడో, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరి తలుపు తట్టాలో తెలుసు. కొత్తచోట ప్రతి చిన్న పనికీ ఆలోచించాలి. మెదడు దీన్ని ప్రమాదంగా తీసుకుని అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేయిస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతుంది. చేలో పాము కనబడినప్పుడు ఐదు నిమిషాలు ఇలా జరిగితే ప్రాణం కాపాడుతుంది. అదే వారాలు, నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది, అరుగుదల తగ్గుతుంది, కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పటికే బీపీ, షుగరు ఉన్నవారికి అవి అదుపు తప్పవచ్చు.

1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె అనే ఇద్దరు వైద్యులు జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేసి ఒక పట్టిక తయారు చేశారు. భార్య లేక భర్త మరణానికి 100 మార్కులు. ఇల్లు మారడానికి 20 మాత్రమే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇల్లు ఒక్కటే మారదు కదా! వేరే రకం పనిలో చేరడానికి 36, రాబడిలో మార్పుకు 38, బతికే పరిస్థితులు మారినందుకు 25, పిల్లల బడి మారితే 20, నిద్రవేళలు మారితే 16, తిండి అలవాట్లు మారితే 15. అన్నీ కూడితే 170. 150 దాటితే జబ్బు పడే అవకాశం పెరుగుతుందని వారి లెక్క. చర్చికి వెళ్లే అలవాటులో మార్పుకు కూడా వారు 19 మార్కులు వేశారు! ఇది అమెరికావారి జీవితాన్ని చూసి వేసిన లెక్క గనుక జాతకంలా పట్టుకోనక్కరలేదు. అయితే ఒక సంగతి గమనించండి. అందులో పెళ్లికి కూడా 50 మార్కులున్నాయి. మంచి మార్పు అయినా బరువే. కొత్త డాబా ఇంట్లోకి వెళ్లి కూడా అత్తగారు ఏడుస్తున్నారంటే ఆశ్చర్యపడవద్దు.

పులిచింతల ముంపు ఊళ్లు

మన ప్రాంతంవారికి ఈ విషయం పుస్తకం చూసి నేర్చుకోవలసిన పని లేదు. కృష్ణానది మీద పులిచింతల ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన జరిగింది. 2013 డిసెంబరులో దాన్ని జాతికి అంకితం చేశారు. 45.77 టీఎంసీల నీరు పట్టే ఆ జలాశయం కోసం ఇటు మన వైపు, అటు నల్గొండ వైపు ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. బెల్లంకొండ మండలంలో పులిచింతల, కొల్లూరు, చిట్యాల వంటి ఊళ్లు వాటిలో ఉన్నాయి. కోహినూరు వజ్రం దొరికిందని చెప్పుకునే కొల్లూరు అదే. డెల్టా పొలాలకు నీళ్లు అందాయి, అది మంచిదే. ఆ నీళ్ల కింద ఇల్లూ పొలమూ పోయినవారికి మాత్రం ఇల్లు, పని ఒకేసారి మారాయి.

నది ఒడ్డున ఉన్నన్నాళ్లూ చేప, కట్టెపుల్ల, మేకల మేత కొనే పని ఉండేది కాదు. పునరావాస కాలనీకి వచ్చాక ప్రతిదానికీ డబ్బు తీయాలి. సొంత చేలో పని చేసినవారు మరొకరి మిరప చేలో కూలికి వెళ్లాలి, లేదా పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో పని వెతుక్కోవాలి. నిన్నటిదాకా "ఏమయ్యా పెద్దాయనా" అని పిలిపించుకున్న రైతుకు ఇది డబ్బు లెక్క ఒక్కటే కాదు, పరువు లెక్క కూడా. మగవారిలో ఈ బాధ మాటల్లో రాదు. తాగుడుగానో, కోపంగానో, ఛాతీలో నొప్పిగానో వస్తుంది.

ఆఫ్రికాలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టినప్పుడు 1950ల చివరిలో టోంగా జాతివారిని సుమారు 57,000 మందిని వారి ఊళ్ల నుంచి తరలించారు. ఎలిజబెత్ కాల్సన్, థేయర్ స్కడర్ అనే ఇద్దరు పరిశోధకులు తరలింపునకు ముందే 1956లో అక్కడికి వెళ్లి, ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు వారిని గమనించారు. తరలింపు తర్వాత కొంతకాలం, కనీసం రెండేళ్లు, జనం కొత్తదేదీ ముట్టుకోకుండా పాత బంధువులను, పాత అలవాట్లను గట్టిగా పట్టుకుని ఉంటారని వారు రాశారు. బయటివారికి అది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి అన్నీ కదిలిపోయినప్పుడు ఏదో ఒకటి కదలకుండా ఉండాలని మనసు చేసే ప్రయత్నం అది.

నర్సుగా మా అభిప్రాయం కూడా ఇదే. ఇల్లు మారక తప్పదు, పని మారక తప్పదు. మిగతావాటిలో వీలైనన్ని మారకుండా చూడండి. ఆరింటికి టీ తాగే మనిషికి ఆరింటికే టీ ఇవ్వండి. పాత మంచం ఆయన ఉంచమంటే ఉంచండి, కొత్త ఇంటికి బాగుండదని అమ్మేయకండి. పాత ఊరి నుంచి ఒకే కాలనీకి వచ్చినవారు దగ్గర దగ్గరగా ఇళ్లు తీసుకుంటే ఎంతో మేలు. వేరే చోట్లకు చెదిరిపోతే నెలకొకసారైనా ఆ పాత ముఖాలను కలిసే ఏర్పాటు చేయండి. ఫోను ఉంది కదా అనుకోవద్దు, పక్కన కూర్చోవడం వేరు.

ఇంట్లో పెద్దవారు ఉంటే

కొత్త ఇంట్లో మొదటి నెల పెద్దవారు పడిపోయే ప్రమాదం ఎక్కువ. రాత్రి మూత్రానికి లేచి, పాత ఇంట్లో తలుపు ఉన్న వైపుకు నడుస్తారు. అక్కడ గోడో మెట్టో ఉంటుంది. తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. అందుచేత పాత ఇంట్లో మంచం ఏ వైపు ఉండేదో వీలైతే అదే వైపు వేయండి. బాత్‌రూముకు దారిలో రాత్రంతా చిన్న లైటు ఉంచండి. గడప ఎత్తుగా ఉంటే దాని మీద తెల్ల రంగు గీత వేయండి. కొద్దిగా మతిమరుపు ఉన్నవారు కొత్తచోట సాయంత్రం అయ్యేసరికి "మన ఇంటికి పోదాం పదండి" అంటారు. వాదించకండి. పాత ఇంటి కబుర్లు చెప్పనివ్వండి, కాసేపటికి నెమ్మదిస్తారు. తికమక ఒక్కసారిగా పెరిగితే మాత్రం అది ఇల్లు మారినందువల్లే అనుకోకండి. ఇన్‌ఫెక్షను కావచ్చు, షుగరు పడిపోయి ఉండవచ్చు, చూపించాలి.

పిల్లలు త్వరగా కలిసిపోతారు. పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ మొదలుపెడితే కొట్టవద్దు, కొన్ని వారాల్లో సాధారణంగా తగ్గుతుంది.

పని మారినప్పుడు మందులు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పెదకూరపాడు, క్రోసూరు, అచ్చంపేట వైపు మిర్చి, పత్తి వేసి నష్టపోయిన కౌలు రైతులు గుంటూరుకో హైదరాబాదుకో వెళ్లి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరడం చూస్తున్నాం. పగలు పని చేసి రాత్రి నిద్రపోయిన శరీరం ఒక్కసారిగా రాత్రి మేలుకోవాలి. షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవారికి ఇందులో ప్రమాదం ఉంది. మందు పాత వేళకే వేసుకుని, భోజనం డ్యూటీ వేళకు మార్చుకుంటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం. చుట్టుపక్కలవారు తాగి పడిపోయాడు అనుకుంటారు. కాబట్టి డ్యూటీ వేళలు మారిన వెంటనే డాక్టరుగారికి చెప్పి మందుల వేళలు మార్పించుకోండి. జేబులో పంచదార పొట్లం ఉంచండి. పగలు నిద్రపోయే మనిషికి చీకటి గది, నిశ్శబ్దం కావాలి. ఒకే గదిలో టీవీ పెట్టుకుని "పగలంతా పడుకునే ఉంటాడు" అనడం అన్యాయం.

రెండో తప్పు మందులు మధ్యలో ఆగిపోవడం. సామాన్లు కట్టే హడావుడిలో మందుల సంచి ఎక్కడో ఉంటుంది, కొత్త ఊళ్లో ఆసుపత్రి తెలియదు, అలా నెల గడిచిపోతుంది. బీపీ మాత్ర ఆగితే పక్షవాతం, మూర్ఛ మాత్ర ఆగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. టీబీ మందు ఆగితే జబ్బు మొండికెక్కుతుంది. టీబీ రోగికి నిక్షయ్ నంబరు ఉంటుంది, దాన్ని చూపిస్తే దేశంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రికైనా చికిత్సను బదిలీ చేయించుకోవచ్చు. బయలుదేరే ముందు ఒక నెలకు సరిపడా మందులు, మందుల చీటీలు, డిశ్చార్జి కాగితం, పిల్లల టీకాల కార్డు ఒకే కవరులో పెట్టి, ఆ కవరును లారీలో వేయకుండా చేతిలో పట్టుకు వెళ్లండి.

డబ్బు గురించి ఒక మాట. పరిహారమో, పొలం అమ్మిన సొమ్మో ఒక్కసారిగా చేతికి వచ్చినప్పుడు నిద్రలేమికి మందుగా తాగుడు మొదలవుతుంది. మద్యం తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది గాని తెల్లవారుజామున మెలకువ వస్తుంది, మర్నాడు దిగులు రెట్టింపవుతుంది. ఆ సొమ్ము భార్యాభర్తలిద్దరి పేర బ్యాంకులో వేయడం వైద్యం కిందికే వస్తుందని మా ఉద్దేశం.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

మార్పు వల్ల వచ్చే దిగులు సాధారణంగా మొదటి నెలలో మొదలై, ఆరు నెలల లోపు తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులుగా ఉండి, తిండి, నిద్ర, పని మూడూ దెబ్బతింటే ఆగవద్దు. "నేను లేకపోతే మీరంతా సుఖంగా ఉంటారు" వంటి మాట వినిపిస్తే అదే రోజు తీసుకురండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటకు వస్తుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పాత ఇంటి నుంచి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఏవైనా అటక మీద ఉంటే ఇంట్లోంచి తీసేయండి. మన ప్రాంతంలో దీనివల్ల పోయిన ప్రాణాలు మీరూ ఎరుగుదురు. ఒకవేళ తాగారని తెలిస్తే వాంతి చేయించకుండా 108కి ఫోను చేసి, డబ్బాను కూడా వెంట తీసుకురండి.

రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416. 2022 నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రోజంతా తెలుగులో మాట్లాడతారు.

"నాకేం పిచ్చా, ఆసుపత్రికి రావడానికి?" అని మనిషి మొరాయిస్తే, బీపీ చూపించుకుందాం రమ్మని తీసుకురండి. బీపీ ఎలాగూ చూడవలసిందే. తక్కిన మాటలు మేము అడుగుతాం.