పట్టీల్లో పాదాలు పెడితే నడుము ఎందుకు జారుతోంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. తలుపుకు టీఆర్ఎక్స్ పట్టీలు బిగించి రెండు నెలలుగా వ్యాయామం చేస్తున్నాను. నేల మీద ప్లాంక్ నిమిషం నిలబెడతాను. పాదాలు పట్టీల్లో పెడితే మాత్రం ఒళ్లంతా వణుకు, మర్నాడు నడుము పట్టేస్తోంది. నా పొట్ట కండరాలు అంత బలహీనమా?

జవాబు: బలహీనమేమీ కాదండీ, మీరు కాస్త తొందరపడ్డారు. నేల కదలదు, పట్టీ ఊగుతుంది. ఆ ఊపును ఆపడానికి పొట్ట, నడుము, పిరుదుల కండరాలు క్షణక్షణం సర్దుకుంటూ ఉండాలి. మీకొచ్చే వణుకు అదే, భయపడక్కర్లేదు. నడుము కిందికి జారడమే అసలు చిక్కు. పొట్ట అలిసిపోగానే భారమంతా వెన్ను మీద పడుతుంది.

ఓ పదిహేను రోజులు పాదాలు నేల మీదే ఉంచండి. తలుపుకు వీపు పెట్టి నిలబడి, పిడులు పట్టుకుని, కర్రలా నిటారుగా ముందుకు వాలండి. పాదాలు తలుపు వైపు జరిపేకొద్దీ కష్టం పెరుగుతుంది. పిరుదులు బిగించి, పక్కటెముకలు పైకి ఉబ్బకుండా, మెల్లగా గాలి వదలండి. ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే మరీ ఎక్కువ వాలినట్టే. 15 సెకన్ల చొప్పున నాలుగు సార్లు చాలు. నడుము జారగానే ఆపేయండి, గడియారం సంగతి తర్వాత.

ఆ తర్వాత మోచేతులు నేల మీద, పాదాలు పట్టీల్లో. పట్టీ అడుగు పిక్క మధ్య ఎత్తున వేలాడాలి. అన్నట్టు, తలుపు మీరు లాగితే మూసుకునే వైపే నిలబడుతున్నారు కదా? ఒకసారి చూసుకోండి.

నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించుకోండి.