ఋతువులు – ఆవుపాల సాంద్రత: వేసవి నమూనాల పరిశీలనలో గమనింపదగిన అంశాలు

ఏప్రిల్, మే నెలల్లో పాలసేకరణ కేంద్రాల వద్ద ఒక వివాదం తరచు తలెత్తుతుంది. చలికాలమంతా 29, 30 చూపిన లాక్టోమీటరు, అదే రైతు తెచ్చిన అదే ఆవు పాలలో 28 దగ్గర నిలుస్తుంది. నీళ్ళు కలిపారన్న అనుమానం వెంటనే పుడుతుంది. రైతుకు ధర తగ్గడమే గాక ఊళ్ళో మాట పడవలసి వస్తుంది. అనుమానం కొన్ని సందర్భాల్లో నిజమే కావచ్చు. అయితే లాక్టోమీటరు రీడింగు ఒక్కటే దానిని తేల్చలేదు. ఋతువు వల్ల కలిగే మార్పు, నీరు కలపడం వల్ల కలిగే మార్పు ఆ పరికరంపై ఒకే అంకెగా కనిపించడమే ఇందుకు కారణం.

ఆవుపాల సాంద్రత సాధారణంగా 1.028 నుండి 1.032 వరకు ఉంటుంది. లాక్టోమీటరుపై 28, 30 అని చదివేవి ఈ దశాంశాల చివరి అంకెలే. పాలలోని వెన్న నీటికంటె తేలిక. దాని సాంద్రత సుమారు 0.93. మాంసకృత్తులు, లాక్టోజు, ఖనిజ లవణాలు కలిసిన వెన్నేతర ఘనపదార్థాల సాంద్రత సుమారు 1.6. కనుక వెన్న పెరిగితే రీడింగు తగ్గుతుంది, ఘనపదార్థాలు పెరిగితే రీడింగు పెరుగుతుంది. చిక్కని పాలు తప్పక ఎక్కువ రీడింగు చూపుతాయన్న నమ్మకం ఇందువల్లనే సరికాదు. వెన్న తీసిన పాలు మంచి పాలకంటె ఎక్కువ రీడింగు చూపుతాయి. వెన్న తీసి, ఆపైన కొద్దిగా నీరు కలిపి రీడింగును యథాస్థానానికి తెచ్చే పాత మోసానికి ఆధారం ఇదే.

15.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ప్రమాణీకరించిన లాక్టోమీటరుకు రిచ్మండ్ సూత్రం వర్తిస్తుంది. సవరించిన రీడింగులో నాలుగవ వంతుకు, వెన్న శాతాన్ని 0.2తో గుణించగా వచ్చినదానిని, 0.14ను కలిపితే వెన్నేతర ఘనపదార్థాల శాతం వస్తుంది. ఈ సూత్రాన్ని వెనుకనుండి చూస్తే ఋతువుల ప్రభావం తేటపడుతుంది. వెన్న మారకుండా ఘనపదార్థాలు 0.5 శాతం తగ్గితే రీడింగు 2 తగ్గుతుంది. ఘనపదార్థాలు మారకుండా వెన్న 0.5 శాతం తగ్గితే రీడింగు 0.4 మాత్రమే పెరుగుతుంది. వేసవిలో రెండూ తగ్గినప్పుడు ఘనపదార్థాల తరుగుదే పైచేయి అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చలికాలంలో రీడింగు 30, వెన్న 4.0 శాతం ఉన్న పాలలో ఘనపదార్థాలు 8.44 శాతం. అదే ఆవుకు వేసవిలో వెన్న 3.6, ఘనపదార్థాలు 8.0 శాతానికి దిగాయనుకుంటే రీడింగు 28.6 అవుతుంది. ఇక చలికాలపు పాలు 95 పాళ్ళకు 5 పాళ్ళు నీరు చేరిస్తే వెన్న 3.8, ఘనపదార్థాలు 8.02, రీడింగు 28.5. నిజాయితీగా పోసిన వేసవి పాలకు, నీరు చేరిన చలికాలపు పాలకు మధ్య తేడా 0.1 మాత్రమే. గ్రామకేంద్రంలో వాడే లాక్టోమీటరును అంత సూక్ష్మంగా చదవడం ఎవరికీ సాధ్యం కాదు.

చలికాలంలో వెన్న, మాంసకృత్తులు హెచ్చుగాను, వేసవిలో తక్కువగాను ఉండడం ఉష్ణదేశాలకే పరిమితం కాదు. నెదర్లాండ్స్ దేశంలో 2005–06లో ఏడాది పొడవునా సేకరించిన పాలలో వెన్న జూన్‌లో 4.10 శాతం, జనవరిలో 4.57 శాతం ఉంది. మాంసకృత్తులు జూన్‌లో 3.21, డిసెంబరులో 3.38 శాతం. లాక్టోజు మాత్రం 4.46, 4.55 శాతాల మధ్యనే నిలిచింది. మన ఎండల తీవ్రత లేనిచోట సైతం ఈ హెచ్చుతగ్గులు కనిపించాయంటే, పగటి నిడివి, మేత మార్పు వంటి కారణాలు కూడా పనిచేస్తున్నట్లే. మన ప్రాంతంలో వాటికి ఎండ తోడవుతుంది.

ఎండ ప్రభావాన్ని ఉష్ణోగ్రత–తేమ సూచికతో కొలుస్తారు. పొడి, తడి బల్బుల ఉష్ణోగ్రతల మొత్తాన్ని 0.72తో గుణించి 40.6 కలిపితే ఈ సూచిక వస్తుంది. సూచిక 72 దాటినప్పటి నుండి పాడి ఆవుపై ఒత్తిడి మొదలవుతుందని చాలాకాలంగా పరిగణిస్తున్నారు. అధిక దిగుబడినిచ్చే ఆవుల్లో అంతకు ముందే మొదలవుతుంది. పొడి బల్బు 40, తడి బల్బు 26 డిగ్రీలు చూపే మెట్ట ప్రాంతపు మధ్యాహ్నానికి సూచిక 88. పొడి బల్బు 36, తడి బల్బు 29 చూపే కోస్తా ఊరికి 87. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు తక్కువైనా ఉక్కపోత వల్ల కోస్తాలోని పశువుకు ఊరట లేదన్నమాట. ఒంగోలు వంటి దేశవాళీ జాతులు ఈ ఒత్తిడిని మెరుగ్గా తట్టుకుంటాయి. హోల్‌స్టీన్ రక్తం ఎక్కువ ఉన్న సంకరజాతి ఆవులు త్వరగా లొంగిపోతాయి.

వేడికి లోనైన ఆవు ముందుగా ఎండుమేతను తగ్గిస్తుంది. పీచు జీర్ణమయ్యేటప్పుడు శరీరంలో ఎక్కువ వేడి పుట్టడం ఇందుకు కారణం. పీచు తగ్గితే పెద్దపొట్టలో అసిటేటు ఉత్పత్తి తగ్గుతుంది. పొదుగులో వెన్న తయారీకి ముఖ్యమైన ముడిసరుకు అదే. ఆవు రొప్పడం వల్ల రక్తంలోని కార్బన్ డయాక్సైడు, దానితోపాటు బైకార్బనేటు కోల్పోతుంది. నెమరు కూడా తగ్గడంతో లాలాజలం చాలక పెద్దపొట్టలో ఆమ్లత పెరిగి వెన్న మరింత పడిపోతుంది. అయితే కారణమంతా మేత తగ్గడంలోనే లేదు. అమెరికాలోని అరిజోనాలో చల్లని వాతావరణంలో ఉంచిన ఆవులకు, వేడిలోని ఆవులు తిన్నంత మేతనే ఇచ్చి పోల్చారు. పాల దిగుబడి తరుగులో సుమారు 35 శాతానికి మాత్రమే మేత తగ్గడం కారణమని తేలింది. మిగిలినది వేడి నేరుగా శరీరక్రియలపై చూపిన ప్రభావం. వేసవిలో మాంసకృత్తులు, ముఖ్యంగా కేసీను తగ్గడం పాల సాంద్రతను ఎక్కువగా దెబ్బతీస్తుంది. పచ్చిమేత కరవై వరిగడ్డిపైనే ఆధారపడిన ఇళ్ళలో ఈ తరుగు మరింత స్పష్టం.

తొలకరి తరువాత మరొక మాట వినిపిస్తుంది: లేతగడ్డిలో నీరెక్కువ గనుక పాలు పలచబడ్డాయని. గడ్డిలోని నీరు పాలలోకి ఆ విధంగా చేరదు. పొదుగులోకి వచ్చే నీటిని ప్రధానంగా లాక్టోజు నిర్ణయిస్తుంది. రక్తానికి, పాలకు ద్రవాభిసరణ పీడనం సమానంగా ఉండాలి. ఆవు ఎంత నీరు త్రాగినా ఈ సమతుల్యత మారదు. లేతగడ్డిలో పీచు తక్కువ కావడం వల్లనే వెన్న తగ్గుతుంది. పూటకు రెండు, మూడు కిలోల ఎండుగడ్డి లేదా జొన్నచొప్ప ముందుగా వేయడం దీనికి తగిన పరిష్కారం. వానాకాలపు బురదలో పొదుగువాపు హెచ్చుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ వ్యాధిలో లాక్టోజు, కేసీను తగ్గి ఉప్పు పెరుగుతుంది. పాలు ఉప్పన తగిలితే లాక్టోమీటరుకంటె ముందు పొదుగును పరీక్షించాలి.

వేసవి రీడింగులో కొంత భాగం పాలదీ కాదు, ఆవుదీ కాదు; కొలిచే పద్ధతిది. 27 డిగ్రీల వద్ద ప్రమాణీకరించిన లాక్టోమీటరును 34 డిగ్రీల పాలలో వేస్తే, డిగ్రీకి 0.2 చొప్పున 1.4 కలపవలసి ఉంటుంది. కలపడం మరచితే ఘనపదార్థాల లెక్కలో 0.35 శాతం పోతుంది. 8.3 శాతం ఉన్న పాలు 7.95గా నమోదవుతాయి. పితికిన వెంటనే కొలవడం మరొక దోషం. గాలి బుడగలు పోయి వెన్న గట్టిపడేవరకు తాజాపాల సాంద్రత 0.001 వరకు తక్కువగా ఉండవచ్చు. అంటే రీడింగులో 1. గేదె పాలు కలిసిన క్యాన్లలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి గనుక ఆవుపాలను విడిగా కొలవడం మేలు.

ప్రస్తుత ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం ఆవుపాలలో వెన్న 3.2, వెన్నేతర ఘనపదార్థాలు 8.3 శాతానికి తగ్గరాదు. నీరు చేరని వేసవి పాలు కూడా ఈ రెండవ హద్దుకు దిగువన ఉండే అవకాశముంది. అటువంటి పాలకు ధర తగ్గించడం వేరు, కల్తీగా ముద్ర వేయడం వేరు.

అనుమానం వచ్చినచోట ఘనీభవన స్థానం చూడడం సరైన మార్గం. పైన చెప్పిన ద్రవాభిసరణ సమతుల్యత వల్ల ఇది ఋతువుతో ఇంచుమించు మారదు. ఆవుపాలకు సుమారు −0.52 నుండి −0.55 డిగ్రీల వరకు ఉంటుంది. నూటికి ఒక వంతు నీరు చేరితే సుమారు 0.005 డిగ్రీలు సున్నా వైపు జరుగుతుంది. −0.540 ఉన్న పాలకు 5 శాతం నీరు చేరితే −0.513 వస్తుంది. లాక్టోమీటరు విడదీయలేని రెండు నమూనాలను ఈ పరీక్ష విడదీస్తుంది.

ఈ పరికరం అందుబాటులో లేని గ్రామంలో పశువు వద్దనే, సాక్షుల ఎదుట పూర్తిగా పితికిన నమూనాతో పోల్చవచ్చు. పోలిక అదే పూటకు చెందినదై ఉండాలి. ఉదయం పాలలోకంటె సాయంత్రం పాలలో సాధారణంగా వెన్న ఎక్కువ. పితుకుల మధ్య వ్యవధి తక్కువ కావడం దానికి కారణం. చివరి ధారలు దూడకు వదిలితే వెన్న తక్కువగా తేలుతుంది. ఆవు ఈని ఎన్ని నెలలైందో కూడా నమోదు చేయాలి. చలికాలంలో ఈనిన ఆవు వేసవికి ఈతలో మధ్య భాగానికి చేరి, వెన్న శాతం పెరిగే దశలో ఉంటుంది. అందువల్ల ఎండ వల్ల కలిగిన తరుగు కొంత మరుగున పడుతుంది.